ఆ ఘరాట్ ఎవరి పేరున ఉంది? – కేంద్ర మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. మాది గోదావరి జిల్లా. 2008 నుంచి 2011 దాకా ఉత్తరాఖండ్‌లో, పిండర్ నది అలకనందలో కలిసే కర్ణప్రయాగ ప్రాంతంలో ఉద్యోగం చేశాను. మొన్న బదరీనాథ్ వెళ్లి వస్తూ, తెలిసిన ఊరొకటి చూసిపోదామని పిండర్ లోయలోకి మళ్లాను. రోడ్డు బాగా వెడల్పయింది. మలుపులో, వాగు పక్కన ఉండాల్సిన ఘరాట్ మాత్రం లేదు.

ఘరాట్ అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ఈ లేఖ చదివే మావాళ్ల కోసం నాలుగు మాటలు. అది నీళ్లు తిప్పే తిరగలి. వాగుకు ఎగువన చిన్న కాలువ తీసి, తొలిచిన దుంగలోంచి నీటిని బాగా ఏటవాలుగా కిందికి వదులుతారు. ఆ దెబ్బకు గది అడుగున పడుకోబెట్టినట్టుండే చెక్క చక్రం తిరుగుతుంది. దాని ఇరుసే పైకొచ్చి పై రాయిని తిప్పుతుంది. మధ్యలో పళ్ల చక్రాలు, పట్టీలు ఏమీ ఉండవు. నాకు ముచ్చటేసింది మాత్రం ఒక కర్రముక్క. గింజల బుట్టకు కట్టిన ఆ ముక్క తిరిగే రాయి మీద టకటకా ఎగురుతుంటే బుట్ట అదిరి గింజలు నాలుగేసి రాలుతుంటాయి. రాయి నెమ్మదిస్తే గింజలూ నెమ్మదిస్తాయి. ఎవరూ కాపలా ఉండక్కర్లేదు.

అక్కడి ‘మండువా’ పిండిని చేతిలోకి తీసుకుని మా ఆవిడ, "ఇవి మన రాగులే కదండీ!" అంది. ఆ తర్వాత మూడేళ్లూ మా ఇంటి పిండి ఆ ఘరాట్‌లోనే విసిరించాం. మిల్లు పిండి సంచీలో పోస్తే వేడిగా తగులుతుంది. ఇది చల్లగా ఉండేది. కూలి డబ్బు కాదు, పిండిలో కొంత తీసుకునేవాడు ఘరాట్ ముసలాయన. వానాకాలం అయ్యాక రాయి ఎత్తి ఉలితో కక్కు కొట్టుకుంటూ కనిపించేవాడు.

ఇక అసలు సంగతి. 2009లో ఆయన నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. చెక్క చక్రం తీసి ఇనుపది పెట్టి, ఓ చిన్న జనరేటర్ తగిలిస్తే రాత్రిపూట కరెంటు వస్తుందని ఎవరో చెప్పారట. అయిదు కిలోవాట్ల లోపు ఇలాంటి వాటికి అప్పట్లో మీ శాఖే సబ్సిడీ ఇచ్చేది. మిగతాది అప్పు కావాలన్నాడు. యాజమాన్యం కాగితం అడిగాను. పొలం కాగితం తెచ్చాడు. అందులో ఘరాట్ లేదు.

"మా తాత కట్టాడు సాబ్, ఊరంతా చూసింది" అన్నాడు.

ఊరు చూస్తే చాలదని చెప్పి ఫైలు తిప్పి పంపాను. నిబంధన ప్రకారం నేను చేసింది సరైనదే. అందుకే ఇన్నేళ్లయినా మింగుడు పడటం లేదు.

తర్వాత తెలుసుకున్నాను, ఆ కొండల్లో నీటి మీద కాగితాలకు పెద్ద కథే ఉందని. 1917లో ఇంగ్లీషువాళ్లు కుమావూన్ జల నియమాలు పెట్టారు. 1975లో వచ్చిన కుమావూన్, గఢ్వాల్ నీటి చట్టం ఊళ్లకు ఆచారంగా వస్తున్న నీటి హక్కులనే రద్దు చేసింది. ఘరాట్‌కు ప్రాణం కాలువ నీళ్లు. ఆ నీళ్ల మీదే హక్కు లేని మనిషిని నేను కాగితం అడిగానన్నమాట!

ముసలాయన పోయాడు. రోడ్డు పనుల్లో ముందు మట్టి జారి కాలువ పూడిందని, ఆ తర్వాత మిషను వచ్చి గదిని ఒక్క పూటలో తోసేసిందని ఆయన కోడలు చెప్పింది. ఇంటి ప్రహరీకి పరిహారం వచ్చింది. ఘరాట్‌కు రాలేదు, జాబితాలో దానికి గడే లేదు. రోడ్డు వద్దని ఆమె అనలేదు, నేనూ అనను. పురిటికి ఆసుపత్రికి వెళ్లాలన్నా ఆ రోడ్డే దిక్కు.

దాన్ని మళ్లీ కట్టమని అడగటం లేదు. హిమాలయ రాష్ట్రాల్లో ఊరూరా ఘరాట్లు లెక్క రాయించండి. తిరుగుతున్నవి, ఆగినవి, కూలినవి అన్నీ. ఏ వాగు మీద, ఎవరు కట్టారు, ఎంత ఎత్తునుంచి నీళ్లు పడేవి, రాయి ఎంత. సాయం ఇచ్చేచోట గ్రామసభ తీర్మానాన్నే యాజమాన్యపు కాగితంగా ఒప్పుకోమని బ్యాంకులకు చెప్పించండి. కాగితం లేనిదానికి పరిహారం ఎలా కట్టాలో రోడ్ల శాఖవారితో మాట్లాడండి.

పై రాయిలో సగం ఇప్పుడు ఆ మలుపు దగ్గర పిట్టగోడలో ఉంది. టేపు లేక జానతో కొలిచాను: అడ్డం మూడు జానలు, మందం బెత్తెడు. అంచున ఉలి గాట్లు ఇంకా వేలికి తగులుతున్నాయి. కోడలు చెప్పిన వివరాలతో నేను గీసిన బొమ్మను ఈ లేఖకు జతచేస్తున్నాను. మీ లెక్కలో మొదటి పేజీకి పనికొస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి