క్లబ్ పుట్టకముందే పాతిక సంతకాలా?

విద్యార్థి వ్యవహారాల డీన్ గారికి,

నమస్కారం. కొత్త విద్యా సంవత్సరానికి క్లబ్బుల నిబంధనలు మళ్లీ జారీ చేసే సమయం వచ్చింది. సంతకం పెట్టేముందు వాటిని ఒక్కసారి దరఖాస్తు చేసేవాళ్ల వైపు నుంచి చదవండి.

కొత్త క్లబ్ పెట్టాలంటే 25 మంది సభ్యుల సంతకాలు కావాలి. సభ్యులు దొరకాలంటే నోటీసు బోర్డు మీద పోస్టర్ అంటించాలి, ఏదో ఒక సాయంత్రం గది తీసుకుని నలుగురినీ పిలవాలి. గుర్తింపు లేని క్లబ్బుకు బోర్డూ లేదు, గదీ లేదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు! ఇక హాస్టల్లో గది గదికీ తిరిగి, ల్యాబ్‌లో పక్కవాళ్లను బతిమాలి సంతకాలు పెట్టించుకోవడమే. తలెత్తి ఆకాశం వైపు చూడనివాళ్లు కూడా ఖగోళ క్లబ్ వ్యవస్థాపకులైపోతున్నారు. రెండో సమావేశానికి వచ్చేది ఐదుగురు. నిజానికి ఆ ఐదుగురే క్లబ్, మీ లెక్కలోకి మాత్రం రారు.

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో వైద్య విద్యార్థులు 1737లో మొదలుపెట్టిన సొసైటీకి రాయల్ చార్టర్, అంటే రాజముద్రతో గుర్తింపు, దక్కింది 1778లో. పని ముందు, ముద్ర తర్వాత. (మమ్మల్నీ నలభై ఏళ్లు ఆగమనకండి, ఒక సెమిస్టర్ చాలు.)

దరఖాస్తులో 'ఆశిస్తున్న ఫలితాలు' అని ఒక గడి ఉంది. అందరూ 'నాయకత్వ లక్షణాల పెంపు' అని రాసేసి ఊపిరి పీల్చుకుంటారు. అమెరికాలోని సాంకేతిక విశ్వవిద్యాలయం ఎమ్‌ఐటీలో 1946లో బొమ్మ రైళ్ల మీద మోజుతో విద్యార్థులు ఒక క్లబ్ పెట్టుకున్నారు. టెలిఫోన్ రిలేలతో (విద్యుత్ స్విచ్‌లతో) రైళ్లు నడిపిన ఆ క్లబ్బులోంచే కంప్యూటర్ల మీద పడ్డవాళ్లు వచ్చారు. 1962 నాటి 'స్పేస్‌వార్' కంప్యూటర్ ఆట తయారీలో ఆ క్లబ్ సభ్యుల చెయ్యి ఉంది. 1946లో ఆ గడి నింపమంటే వాళ్లేం రాసేవాళ్లు? దయచేసి దాన్ని తీసేయించండి.

చేరడం దగ్గర తప్పు మీ ఆఫీసుది కాదు, మా సీనియర్లది. ఫొటోగ్రఫీ నేర్చుకుందామని వచ్చిన మొదటి ఏడాది అమ్మాయిని 'పోర్ట్‌ఫోలియో ఏది?' అని అడిగి పంపించేశారు. అన్నీ వచ్చినవాళ్లకు క్లబ్ దేనికి? పోటీకి వెళ్లే జట్టుకు ఎంపిక పెట్టుకోనివ్వండి, సభ్యత్వానికి మాత్రం ఇంటర్వ్యూలు వద్దనండి. యూనివర్సిటీ నిధులు తీసుకునే క్లబ్బులకు ఈ షరతు పెట్టే అధికారం మీ చేతిలోనే ఉంది.

మేం అడిగేది పెద్దదేం కాదు. ఐదుగురు కలిసి వస్తే ఒక సెమిస్టర్‌కు తాత్కాలిక గుర్తింపు ఇవ్వండి. డబ్బు అక్కర్లేదు, వారానికో సాయంత్రం గది, బోర్డు మీద కాస్త చోటు చాలు. సెమిస్టర్ చివర ఏం చేశారో, ఎంతమంది వచ్చారో చూసి పూర్తి గుర్తింపు ఇవ్వండి. ఎవరూ రాకపోతే మూతపడనివ్వండి. మూతపడిందని పెట్టినవాళ్లను మాత్రం మళ్లీ దరఖాస్తు చేయకుండా ఆపకండి. సలహాదారు సంతకం కోసం మమ్మల్ని స్టాఫ్ రూముల చుట్టూ తిప్పే బదులు, ఆ పనిని అధ్యాపకుల పనిగంటల్లో కలిపితే వాళ్లే ముందుకొస్తారు. చివరి ఏడాదివాళ్లు వెళ్లేలోగా ఖాతా, పాస్‌వర్డులు జూనియర్లకు అప్పగించాలన్న నియమం కూడా రాయించండి. చాలా క్లబ్బులు ఆగిపోయేది అక్కడే.

ఈసారి క్లబ్బుల మేళాలో గుర్తింపు రాని బృందాలకూ ఒక మూల బల్లలు వేయించండి. బల్లలు మోసే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
చివరి సంవత్సరం విద్యార్థి