మంత్రుల ప్రస్థానం రాసేటప్పుడు జీవో నంబర్లు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఎమ్మెల్యేలుగా గెలిచి మంత్రులైన నాయకుల రాజకీయ ప్రస్థానం మీద పత్రికల్లో తరచూ కథనాలు వస్తుంటాయి. ఎన్నిసార్లు గెలిచారు, ఎంత మెజారిటీ వచ్చింది, ఏ శాఖ దక్కింది, ఎక్కడ శంకుస్థాపన చేశారు అన్నవన్నీ ఉంటాయి. ఆ శాఖను ఎలా నడిపారన్న సంగతి మాత్రం కనపడదు. ఓటరుకు కావలసింది అదే.

ముందు ఒక తేడా గుర్తుంచుకోవాలి. మనం మాటవరసకు మంత్రిని శాఖాధిపతి అంటాం గానీ, సచివాలయం లెక్కలో శాఖాధిపతి అంటే కమిషనర్, డైరెక్టర్, లేదా ఇంజనీర్-ఇన్-చీఫ్. ఆయన పైన ప్రభుత్వ కార్యదర్శి, ఆ పైన మంత్రి. ఏ ఫైలు మంత్రి స్థాయిలో తేలాలి, ఏది ముఖ్యమంత్రికి వెళ్లాలి, ఏది మంత్రివర్గం ముందుకు రావాలి అన్నది రాజ్యాంగం 166(3) అధికరణ కింద చేసిన ప్రభుత్వ కార్యనిర్వహణ నియమాలు చెబుతాయి. కొత్త ఖర్చు ఉన్న ప్రతిపాదనకు ఆర్థిక శాఖ సమ్మతి కావాలి. కాబట్టి 'మంత్రి తన చేతిలో ఉండీ చేయలేదు' అనడం వేరు, 'ఫైలు పంపారు, ఆర్థిక శాఖ తిప్పి పంపింది' అనడం వేరు. మొదటిది ఆయన వైఫల్యం. రెండోదైతే, తిప్పి పంపాక ఆయన మళ్లీ ఎన్నిసార్లు వెంటపడ్డారో చూడాలి. మన కథనాలు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నాయి.

పల్లెల్లో ఎక్కువ మోసపోయేది సిఫార్సు లేఖల దగ్గర. చెరువు కట్ట తెగిందనో, మిగులు నీరు పోయే కలుజు కూలిందనో ఊరివాళ్లు అర్జీ ఇస్తారు. మంత్రిగారు దాని మీద 'పరిశీలించి ఫైలు పంపండి' అని రాసి సంతకం పెడతారు. మర్నాడు పేపర్లో 'మంత్రి ఆదేశం' అని వార్త. నిజానికి ఆ రాత వల్ల జరిగేది ఒక్కటే: సెక్షన్‌లో ఈ-ఆఫీస్ ఫైలు తెరుస్తారు. అక్కడి నుంచి నివేదిక కోరుతూ శాఖాధిపతికి, ఆయన నుంచి కింది ఇంజనీర్లయిన ఎస్‌ఈకి, ఈఈకి, డీఈకి కాగితం దిగుతుంది. అంచనా తయారై అదే దారిన పైకి ఎక్కాలి. ఈలోగా కొత్త సంవత్సరం రేట్ల పట్టిక వస్తే అంచనా మళ్లీ వేయాలి. ఆ తరువాత పరిపాలనా అనుమతి జీవో, సాంకేతిక మంజూరు, టెండరు, ఒప్పందం. పని జరిగాక కొలతల పుస్తకం ఎం-బుక్‌లో కొలతలు ఎక్కించి, పై అధికారి సరిచూసి, ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ అయిన సీఎఫ్‌ఎంఎస్‌లో బిల్లు పెడతారు. మార్చి 31 లోపు వాడని బడ్జెట్ మురిగిపోతుంది.

ఈ గొలుసులో ఎక్కువగా తెగేది రెండు చోట్ల. ఒకటి, పరిపాలనా అనుమతి వచ్చి నిధుల విడుదల ఉత్తర్వు రాకపోవడం. ఎన్నికల ముందు ఇచ్చే జీవోల్లో ఇలాంటివి కుప్పలుగా ఉంటాయి. కోడ్ వస్తే మొదలుకాని పని ఆగిపోతుంది, ప్రభుత్వం మారితే రద్దవుతుంది. 2019లో చూశాం. రెండోది, బిల్లు ఎక్కించినా డబ్బు పడకపోవడం. అప్పుడు కాంట్రాక్టరు పని వదిలేసి వెళ్తాడు, సగం తవ్విన కాలువ పూడిపోతుంది. 'రూ. ఇన్ని కోట్లు మంజూరు చేయించారు' అని రాసే ప్రతిసారీ అది పరిపాలనా అనుమతా, నిధుల విడుదలా, చెల్లింపా అన్నది చెప్పకపోతే ఆ అంకెకు అర్థమే లేదు.

వెలిగొండనే చూడండి. పశ్చిమ ప్రకాశం తాగునీటికి, నెల్లూరు, కడప మెట్ట భూములకు కూడా కావలసిన ప్రాజెక్టు. శ్రీశైలం వరద నీటిని 43.5 టీఎంసీలు తెచ్చి 4.47 లక్షల ఎకరాలకు ఇవ్వాలన్నది లక్ష్యం. 1996లో శంకుస్థాపన. 18.8 కిలోమీటర్ల మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో పూర్తయ్యాయి. 2024 మార్చి 6న జాతికి అంకితం చేశారు. అప్పటికి నిర్వాసితుల పునరావాసం పూర్తి కాలేదు, ఫీడర్ కాలువ పనులూ మిగిలే ఉన్నాయి. ముంపు ఊళ్లు ఖాళీ కాకుండా ఈ ప్రాజెక్టు జలాశయమైన నల్లమల సాగర్‌లో నీళ్లు నిలపలేరు. సొరంగం నీటిపారుదల శాఖ పని, పరిహారం ఆర్థిక శాఖ విడుదల చేయాలి, ఇళ్ల స్థలాలు, జాబితాలు రెవెన్యూ చూడాలి. ఈ మూడింటినీ ఒక గదిలో కూర్చోబెట్టి తేల్చాల్సింది మంత్రి. ఆయన పనితనం తెలిసేది ఇక్కడే. ఎన్ని మీటర్లు తవ్వారో రాసినంత శ్రద్ధగా ఎన్ని కుటుంబాలకు పరిహారం ముట్టిందో రాసిన కథనాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అన్నట్టు, ఈ ప్రాజెక్టుకు పెట్టిన పేరు పూల సుబ్బయ్య గారిది. ఆయన మంత్రి కాదు, నీళ్ల కోసం పోరాడిన కమ్యూనిస్టు శాసనసభ్యుడు.

పదవీకాలం లెక్క కూడా సరిగా వేయాలి. 175 సీట్ల సభలో ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి మించి మంత్రులు ఉండకూడదు. అందుకే మధ్యలో మార్పులు వస్తుంటాయి. నెల్లూరు సిటీ ఎమ్మెల్యే అనిల్‌కుమార్ యాదవ్ జలవనరుల మంత్రిగా 2019 జూన్ 8 నుంచి 2022 ఏప్రిల్ దాకా ఉన్నారు. సంగం, నెల్లూరు బ్యారేజీల ప్రారంభం 2022 సెప్టెంబరు 6న, ఆయన దిగిపోయిన అయిదు నెలలకు జరిగింది. ఆ పనులు మొదలైంది అంతకు చాలా ముందు, వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వపు సాగునీటి కార్యక్రమం జలయజ్ఞం రోజుల్లో. మరి ఇవి ఎవరి ఖాతాలో వేయాలి? రిబ్బను కత్తిరించిన తేదీ చూస్తే తప్పుతుంది. ఏ సంవత్సరం ఎంత చెల్లింపు జరిగిందో తీస్తే తేలిపోతుంది. బడ్జెట్ పుస్తకాల్లో మూడు గడులు చూడాలి: రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు, నిరుటి సవరించిన అంచనా, ఈ ఏటి అంచనా. విలేకరులు మూడో గడి రాసి ఊరుకుంటారు. మంత్రి పనితీరు మొదటి గడిలో ఉంటుంది, అది రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. దాన్ని పాత అంచనాతో పోల్చి వేయండి.

ఎవరి శాఖ ఏదో తెలియక తిట్లు తప్పు చోట పడటమూ ఉంది. సోమిరెడ్డి చంద్రమోహన్‌రెడ్డి, కాకాణి గోవర్ధన్‌రెడ్డి ఇద్దరూ నెల్లూరు జిల్లా నుంచి వ్యవసాయ మంత్రులుగా చేశారు. కోతల సమయంలో ధర పడిపోతే రైతులు వ్యవసాయ మంత్రినే నిలదీస్తారు. ధాన్యం కొనేది పౌరసరఫరాల సంస్థ, అది వేరే శాఖ. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలు. 2024-25లో ఎ గ్రేడు మద్దతు ధర క్వింటాలు రూ.2,320 చొప్పున పుట్టికి రూ.19,720 రావాల్సింది. తేమ 17 శాతం దాటిందని తరుగు తీసే దగ్గర, గోతాలు, లారీలు దొరకని దగ్గర రైతు నష్టపోతాడు. వ్యవసాయ మంత్రి అక్కడ చేయగలిగింది పంట నమోదు సకాలంలో పూర్తి చేయించడం. నమోదులో పేరు లేకపోతే కొనుగోలు కేంద్రంలో ధాన్యం తీసుకోరు. ఎడగారు (రెండో) పంటకైతే ఇది మరీ ముఖ్యం. నీటిపారుదల సలహా మండలి ఒప్పుకున్న ఆయకట్టు ఒకటి, సాగైంది మరొకటి అయినప్పుడు నమోదు దగ్గరే గొడవ మొదలవుతుంది.

మంత్రిగా ఎలా పని చేయాలో మన నేలకు తెలియనిది కాదు. టంగుటూరి ప్రకాశం పంతులు 1937లో మద్రాసు రాష్ట్రపు రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ రైతుల స్థితి మీద వేసిన కమిటీకి తానే అధ్యక్షుడై, సాక్ష్యాలు తీసుకుని, 1938లో నివేదిక ఇచ్చారు. 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. నివేదిక మిగిలింది. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. అదే మంత్రివర్గంలో మన బుచ్చిరెడ్డిపాళెం బెజవాడ గోపాలరెడ్డి ముప్పయ్యేళ్ల వయసులో స్థానిక పాలన చూశారు.

పత్రికకు నా మనవి ఇది. మంత్రి మీద కథనం వేసినప్పుడు పక్కన చిన్న పెట్టె ఒకటి ఇవ్వండి. ఆయన శాఖ నుంచి మన నియోజకవర్గాలకు వచ్చిన ముఖ్యమైన ఎంఎస్ జీవోల నంబర్లు, తేదీలు, దేనికి డబ్బు విడుదలైంది, దేనికి కాలేదు అన్నవి చాలు. 2021 ఆగస్టులో జీవోల వెబ్‌సైట్ ఆపేశారు గానీ, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. సభలో మంత్రి ఇచ్చిన జవాబులు కూడా వెతకండి. 'లేదండీ', 'ప్రశ్న ఉత్పన్నం కాదు', 'ప్రతిపాదన పరిశీలనలో ఉంది' అన్న మూడు జవాబుల్లో మూడోది ఏళ్ల తరబడి అలాగే ఉందంటే అది వార్తే. దొరకనివి సమాచార హక్కు దరఖాస్తుతో అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో రూ.5, ఆపైన రూ.10. గడువు 30 రోజులు. చెల్లింపుల వివరం ఈఈ కార్యాలయంలోనే అడగండి. సచివాలయాన్ని అడిగితే దరఖాస్తు మళ్లీ ఇక్కడికే బదిలీ అయి రోజులు పోతాయి.

ఒక జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కందుకూరు నెల్లూరులోకి వచ్చింది, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతిలోకి వెళ్లాయి. జిల్లా పేరుతో పాత, కొత్త అంకెలు పోలిస్తే లెక్క తప్పుతుంది. నియోజకవర్గాల వారీగా తీయండి.

— విశ్రాంత ప్రభుత్వోద్యోగి, ఒంగోలు