తాతయ్య చేతులకి పని ఇచ్చిన సిస్టర్‌కి

పోయిన నెల మా తాతయ్య వెళ్లిపోయారు. పొద్దున లేస్తే మొక్కలు, మధ్యాహ్నమంతా వెదురు బుట్టలు. ఆయన చేతులు ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

హాస్పిటల్లో మూడో రాత్రి ఆయన వేళ్లు దుప్పటి అంచు మీద కదులుతూనే ఉన్నాయి. సెలైన్ సూది ఎక్కడ పీకేసుకుంటారో అని నాకు ఒకటే టెన్షన్. నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చి కాసేపు ఆ వేళ్లనే చూశారు. "తాతగారూ, ఏం అల్లుతున్నారు?" అని అడిగారు. అప్పటిదాకా నాకు తట్టనే లేదు, ఆయన బుట్ట అల్లుతున్నారని!

ఆవిడ అట్టపెట్టెలకి కట్టే ప్లాస్టిక్ పట్టీలు వెతికి తెచ్చారు. కొసలు గుచ్చుకోకుండా ఒక్కోదానికీ టేపు చుట్టారు. తాతయ్య సూది లేని చేత్తో అల్లుతుంటే, రెండో చెయ్యి బదులు తన చెయ్యి ఆనించి పట్టుకున్నారు. "ఒకటి పైన, ఒకటి కింద... వెదురైతే ముందు నానబెట్టాలమ్మా, లేకపోతే విరిగిపోతుంది" అని ఆయన నేర్పించారు. ఆ మూడు రోజుల్లో ఆయన అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే.

అరచేయంత ఆ అల్లిక ఇప్పుడు ఆయన విత్తనాల డబ్బాలో ఉంది. సిస్టర్, ఆ రాత్రి మీ పేరు కూడా అడగలేదు. మీకు మా ఇంటిల్లిపాదీ తరఫున చాలా చాలా థాంక్స్.