బాబాయిగారి కర్ర సంగతి

ఒరేయ్ బద్ధకిష్టీ,

నీ ఉత్తరం అందింది. మూడు నెలలకి ఒక ఉత్తరం, అందులో సగం క్షమాపణలే. సరే, ఆ లెక్క తర్వాత తేల్చుకుందాం. బాబాయిగారు గోడలు పట్టుకుని నడుస్తున్నారని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. మా అమ్మా అలాగే మొదలుపెట్టింది. ముందు గోడ, తర్వాత కుర్చీ వీపు, ఆ తర్వాత దారిలో ఎవరుంటే వాళ్ల భుజం. అడిగితే "ఏం లేదురా, ఊరికే" అనేది.

"మంచి గట్టి వాకర్ ఒకటి చూసి కొనేస్తా" అన్నావు. కాస్త ఆగు. ఆ తొందరలోనే నేను బోల్తా కొట్టాను.

అమ్మకి ఎడమ మోకాలు నొప్పి. నేను వెళ్లి నాలుగు కాళ్ల కర్ర పట్టుకొచ్చాను. ఒంటి కాలి కన్నా నాలుగు కాళ్లు గట్టివి కదా అని నా తెలివి. తీరా చూస్తే ఆ నాలుగూ ఒకేసారి నేలకి ఆనితేనే దానికి బలం. అమ్మ నడక కాస్త జోరు. కర్ర పూర్తిగా ఆనేలోపే అడుగు పడిపోయేది, కర్ర ఊగేది. మెట్ల మీదైతే దాని అడుగు సరిగ్గా పట్టనే పట్టదు. రెండుసార్లు తూలింది. మూడోసారి దాన్ని తీసుకెళ్లి తలుపు వెనక నిలబెట్టి, మీద తువ్వాలు ఆరేసింది. ఆరు నెలలు ఆ కర్ర మా అమ్మని కాదు, తువ్వాలుని మోసింది.

చివరికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ కర్ర ఊసే ఎత్తలేదు. పది అడుగులు నడవమంది, కుర్చీలోంచి లేవమంది, తన చేతిని గట్టిగా పట్టుకోమంది. అప్పుడు చెప్పింది, ఊతం మీద ఎంత బరువు వేయాల్సి వస్తుందన్నదే అసలు సంగతని. ఒక పక్క నొప్పి, కొంచెం తూలు ఉంటే మామూలు చేతికర్ర చాలు. దాని మీద మహా అయితే ఒంటి బరువులో పావు వంతు వేయగలం. అంతకు మించి ఆనాల్సి వస్తే, రెండు కాళ్లూ సరిగ్గా నిలవకపోతే, రెండు చేతులతో పట్టుకునే చట్రం, అదే వాకరే. పక్షవాతంతో ఒక చేయి పనిచేయని వాళ్లకి నాలుగు కాళ్ల కర్ర చాలా మేలట. చేయి వదిలేసినా అది పడిపోకుండా నిలబడుతుంది కదా. అంటే నేను కొన్నది చెడ్డ వస్తువేం కాదు, ఇంకెవరికో కావలసిన వస్తువు.

అన్నట్టు, ముందు ఒకటి కనుక్కో. బాబాయిగారి తూలు ఈమధ్యే మొదలైతే కర్ర కన్నా ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. లేచి నిలబడగానే బీపీ పడిపోవడం, కొత్తగా మొదలెట్టిన మాత్రలు, అరికాళ్ల తిమ్మిరి, చూపు తగ్గడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు.

ఇక కర్ర ఏ చేత్తో పట్టుకోవాలి? ఏ కాలు నొప్పో ఆ చేత్తోనే అనుకున్నావు కదూ? నేనూ అంతే. సినిమాల్లో కూడా చాలామంది అలాగే పట్టుకుంటారు. అది తప్పురా. కర్ర ఎదురు చేతిలో ఉండాలి. ఒంటి కాలి మీద నిలబడ్డప్పుడు నడుము రెండో పక్కకి వాలిపోకుండా తుంటి కండరాలు లాగి పట్టుకుంటాయి. ఆ లాగుడంతా కలిసి తుంటి కీలు మీద మన బరువుకి రెండు మూడింతల భారం పడుతుంది. ఎదురు చేత్తో కర్రని కొంచెం నొక్కితే చాలు, ఆ కండరాలకి పని తగ్గిపోతుంది. కర్ర, నొప్పి కాలు కలిసి ముందుకి పడాలి, తర్వాత బాగున్న కాలు. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు. దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు. అమ్మకి ఇది వంటబట్టడానికి వారం పట్టింది. నాకైతే ఇప్పటికీ మనసులో ఒకసారి అనుకోవాలి.

ఎత్తు సంగతి తేలిక. బాబాయిగారిని రోజూ వేసుకునే చెప్పులతోనే నిటారుగా నిలబెట్టు. చేతులు వేలాడేయమను. మణికట్టు మడత ఎక్కడుందో కర్ర పిడి అక్కడికి రావాలి. పిడి పట్టుకుంటే మోచేయి కొద్దిగా వంగాలి, 15 నుంచి 20 డిగ్రీలు. పొడుగైతే భుజం ఎగదన్నుతుంది, పొట్టిదైతే మనిషి ఒక పక్కకి వాలిపోతాడు. వాకర్‌కీ ఇదే కొలత. వేళ్ల కీళ్లవాతం ఉంటే గుండ్రంగా వంగిన పిడి వద్దు, అరచేయి మొత్తం ఆనే వెడల్పు పిడి చూడు. వాటిలో కుడి చేతివి వేరు, ఎడమ చేతివి వేరు. చూసుకోకుండా తెచ్చావంటే మళ్లీ వెళ్లాల్సిందే.

వాకరే కావాలని తేలితే అందులోనూ రకాలున్నాయి. చక్రాల్లేనిది గట్టిగా నిలబడుతుంది, కానీ అడుగడుక్కీ ఎత్తి పెట్టాలి. ఓపిక లేని చేతులకి అది శిక్ష. ముందు రెండు చక్రాలున్నది మధ్యరకం. నాలుగు చక్రాలు, చేతి బ్రేకులు, కూర్చోడానికి సీటు ఉన్నదాన్ని రోలేటర్ అంటారు. 1978లో స్వీడన్‌లో ఐనా విఫాల్క్ అనే ఆవిడ దాన్ని తయారుచేసింది. ఆవిడకి పోలియో. అవసరం తన ఒంటికే తెలుసు కాబట్టే కాబోలు, ఆ ఆలోచన తట్టింది! నడవగలిగినా త్వరగా అలిసిపోయేవాళ్లకి అది హాయి. బరువంతా దాని మీద వేసేవాళ్లకి మాత్రం ప్రమాదం, ముందుకి జారిపోతుంది. ఏ వాకర్ అయినా దాన్ని పట్టుకుని లాక్కుంటూ కుర్చీలోంచి లేవకూడదు. కుర్చీ చేతుల మీద నొక్కి లేచి, ఆ తర్వాత వాకర్ అందుకోవాలి.

కొనే ముందు ఇంట్లో ఇరుకైన తలుపు కొలుచుకో. చాలా ఇళ్లలో అది స్నానాల గదిదే. మనిషికి ఊతం ఎక్కువ కావలసిందీ అక్కడే. వాకర్ గుమ్మం బయటే ఆగిపోతే ఏం లాభం?

చంక కర్రల సంగతి నీకు అక్కర్లేదు, అవి ఎముక విరిగిన వాళ్లకి. ఎప్పుడైనా వాడాల్సొస్తే బరువు అరచేతుల మీదే వేయాలి. చంకలు ఆనిస్తే నరం నలుగుతుంది.

అసలు కష్టం ఇప్పుడొస్తుంది. "నేనేమన్నా ముసలాణ్ణా?" అంటారు బాబాయిగారు. తప్పకుండా అంటారు. అప్పుడు నువ్వు "పడితే ఏమవుతుందో తెలుసా" అని భయపెట్టకు. నేను భయపెట్టి చూశాను. అమ్మ బయటికి వెళ్లడమే మానేసింది. ఇంట్లో కూర్చుని కూర్చుని కాళ్లు ఇంకా నీరసించాయి. తర్వాత నేనేం చెప్పలేదు. ఫిజియోథెరపిస్టు నాలుగు రకాల కర్రలు ముందు పెడితే ఒక్కొక్కటీ పట్టుకుని, నడిచి, "ఇది" అంది. నేనైతే చచ్చినా కొనని రంగు. ఎర్రది! కానీ దాన్ని ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. నువ్వూ బాబాయిగారిని తీసుకెళ్లు, ఎంచుకోనివ్వు. ఆయన ఎంచుకుంటుంటే నీ సలహాలు జేబులో పెట్టుకో. అది నీకెంత కష్టమో నాకు తెలుసనుకో.

కర్ర అడుగున రబ్బరు తొడుగుని నెలకోసారి తిప్పి చూడు. గాళ్లు అరిగి నున్నగా అయితే మార్చెయ్. తడి నేల మీద అది జారిందంటే కర్ర లేకపోవడమే నయం. నేల మీద మడతలు పడే పట్టాలు కూడా తీసెయ్.

మణికట్టు కొలత, తలుపు కొలత రెండూ తీసి రాయి. ఈసారి మూడు నెలలు కాదు, మూడు రోజుల్లో. మా ఇంట్లో ఆ నాలుగు కాళ్ల కర్ర ఊరికే ఉంది కదా అని అడుగుతావేమో, ఇవ్వను. తువ్వాలుకి ఇంకో చోటు లేదు.

నీ
పోట్లాటల నేస్తం