అమ్మకి, బోస్టన్ నుంచి

అమ్మా,

మొన్న నాన్న దగ్గు మొదలవగానే ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయావు. నాకు వినిపించకూడదనే కదా? దాచకమ్మా, దాస్తేనే నాకు టెన్షన్.

నేను బాగానే ఉన్నాను. చలి మొదలైంది, మందం కోటు కొనుక్కున్నాను. పిన్ని పంపిన కందిపొడి ఇంకా ఉంది, వేళకి తింటున్నాను.

అర్ధరాత్రి ల్యాబ్‌లో ఏం పనే అని కోప్పడ్డావు. ఊపిరితిత్తుల మార్పిడి చేసినప్పుడు తీసేసిన పాత ఊపిరితిత్తిలోంచి, పేషెంటు ఒప్పుకుంటే, ఒక ముక్క మాకిస్తారు. ఆపరేషన్ ఎప్పుడైతే అప్పుడే ఐసుపెట్టెలో వస్తుంది, తెల్లారేదాకా ఆగితే కణాలు చచ్చిపోతాయి. అందులోనూ నాకు కావలసిన రక్తనాళాల కణాలు మరీ సున్నితం, తొందరగా విడిపడవు, విడిపడ్డాక ఎక్కువసేపు బతకవు. నాన్నలాగే ఊపిరితిత్తులు మచ్చ కట్టే జబ్బున్నవాళ్ల ముక్క గట్టిగా ఉంటుందమ్మా, కత్తెర సరిగ్గా దిగదు. మొదటిసారి పట్టుకున్నప్పుడు నాన్నే గుర్తొచ్చారు, కాసేపు చెయ్యి ఆడలేదు.

ఆ ముక్కని ఎంజైముల్లో నానబెట్టి, వడగట్టి, ఒక్కో కణాన్నీ ఒక్కో చిన్న బిందువులోకి పంపి, ఏ కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడివిడిగా చదువుతాం. ఇదివరకు అన్నీ కలిపి చదివేవాళ్లు. ఊరందరి పాలూ ఒకే క్యానులో పోసేస్తే ఎవరి పాలల్లో నీళ్లున్నాయో ఎలా తెలుస్తుంది?

గాలి గదుల చుట్టూ ఉండే సన్నటి రక్తనాళాల్లో రెండు రకాల కణాలున్నాయని 2020లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు తేల్చారు. ఒకటి పెద్దది, పల్చగా పరుచుకుని ఉంటుంది, ఆక్సిజన్ రక్తంలోకి చేరేది ముఖ్యంగా దాని మీదుగానే. ఏరోసైట్ అని పేరు పెట్టారు. రెండోది, దెబ్బ తగిలితే మళ్లీ పెరిగి రెండు రకాలనీ భర్తీ చేస్తుంది. అదే ఏడాది ఇంకో సంగతి కూడా బయటపడింది. మామూలుగా శ్వాసనాళాల చుట్టుపక్కల ఉండే ఒకరకం రక్తనాళ కణాలు, ఈ జబ్బులో మచ్చ కట్టిన చోట్ల కూడా కనిపిస్తున్నాయట. అవి అక్కడ ఏం చేస్తున్నాయన్నదే నేను వెతుకుతున్నది.

నీ చదువుతో నాన్నకి మందు రాదా అని అడిగావు. ఇప్పట్లో రాదమ్మా. నీ దగ్గర అబద్ధం ఆడలేను. కానీ ఏ కణం దారి తప్పిందో తెలియకుండా దానికి మందు ఎవరు చేస్తారు చెప్పు? అందుకే ఇక్కడున్నాను, ఇంటిని వదిలేసి కాదు.

కట్టెల పొయ్యి పొగ వల్లే ఇలా అయిందని ఏడుస్తున్నావట, తమ్ముడు చెప్పాడు. ఈ జబ్బు ఎందుకొస్తుందో డాక్టర్లకే ఇంకా తేలలేదు. నీ మీద వేసుకోకు. నాన్న గదిలో అగరుబత్తి మాత్రం వద్దు.

నాన్నకి ఆ జబ్బుకిచ్చిన పిర్‌ఫెనిడోన్ మాత్ర కడుపు నిండా తిన్నాకే ఇవ్వు, లేకపోతే వికారం పెడుతుంది. అది వాడుతున్నన్నాళ్లూ ఎండ పడదు, చర్మం కమిలిపోతుంది. పొలం వెళ్తానంటే సాయంత్రం వెళ్లమను, పొడుగు చేతుల చొక్కా వేసుకోమను. తగ్గడం లేదని మానేస్తానంటున్నారట. పాడైనదాన్ని బాగుచేసే మందు కాదది, ఇంకా పాడవడాన్ని నెమ్మది చేస్తుంది. నా మాటగా చెప్పు, వింటారు.

మేడ మీద గది అద్దెకిచ్చేయండి, నేను వచ్చినప్పుడు కింద పడుకుంటాను. ఫ్లూ టీకా సంగతి డాక్టరుగారిని అడుగు. ఈసారి స్కాన్ రిపోర్టు తమ్ముడి చేత అన్ని పేజీలూ ఫొటో తీయించి పంపు, మొదటి పేజీ ఒక్కటే కాదు.

నీ
చిన్ని