ముందు మీరు కొట్టండి సార్

హనుమకొండ

అరేయ్ దోస్తూ,

నీ ఉత్తరం చదివి నవ్వాగలేదు. మంచిర్యాలలో గిల్లీ దండ ఆడితేనే పక్కింటి పెంకులు పగలగొట్టినోడివి, ఇప్పుడు పుణెలో మీ డైరెక్టరు గారితో గోల్ఫ్ ఆడబోతున్నావా! మా వదిన ఏమన్నదో రాయలేదు. తెల్ల ప్యాంటు కొన్నావా మరి?

బంతికి కర్ర తగులుతుందో లేదో అని టెన్షన్ పడుతున్నట్టు రాశావు. ఆ భయం పక్కన పెట్టు. కొత్తగా వచ్చినోడు గాలిని కొట్టినా, గడ్డి పెకిలించినా ఎవరూ ఏమీ అనుకోరు, అందరూ అట్లాగే నేర్చుకున్నోళ్ళే. కానీ నీ వెనక ఆడే నలుగురిని నిలబెట్టావనుకో, పైకి ఏమీ అనరు గానీ నీ మొహం గుర్తు పెట్టుకుంటారు. షాట్ల సంగతి మీ కోచ్ చూసుకుంటాడు. ఎవరి వంతు ఎప్పుడు, ఆట ఎక్కడ ఆగిపోతుంది, ఎందుకు ఆగిపోతుంది అన్నది మాత్రం నేను రాస్తా. కోచ్‌లు దీని జోలికి పెద్దగా పోరు.

మొదట వంతు సంగతి. హోల్ అంటే మొదటి దెబ్బ నుంచి జెండా దగ్గరి గుంటలో బంతి పడేదాకా ఆడే ఒక భాగం. మొదటి హోల్ దగ్గర ఎవరు ముందు కొట్టాలో నిర్వాహకులు ఇచ్చిన లిస్టులో ఉంటుంది. లిస్టు లేకపోతే మీలో మీరు మాట్లాడుకోవడమో, నాణెం ఎగరేయడమో. రెండో హోల్ నుంచి, అంతకు ముందు హోల్‌లో ఎవరు తక్కువ దెబ్బల్లో ముగించారో వాళ్ళే ముందు కొడతారు. దాన్ని హానర్ అంటారు. ఇద్దరూ సమానమైతే పాత వరుసే నడుస్తుంది. టీ, అంటే హోల్ మొదటి దెబ్బ కొట్టే చోటు, అక్కడి నుంచి అందరూ కొట్టేశాక లెక్క మారుతుంది: జెండాకు ఎవరి బంతి ఎక్కువ దూరంలో ఉంటే వాళ్ళది ముందు. ఇది ఈ మధ్య పుట్టిన మర్యాద కాదు. 1744లో స్కాట్లాండ్‌లోని లీత్‌లో గోల్ఫ్‌కు మొదటిసారి నియమాలు రాసుకున్నప్పుడు, ఆ 13 నియమాల్లో 12వది ఇదే.

ఇంతవరకు సులువే. మనోళ్ళ దగ్గర చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఈ వరుస మీద మన వరుసలు వచ్చి కూర్చుంటాయి. నేను గోల్ఫ్ ఆడటానికి హైదరాబాద్ పోయినప్పుడల్లా చూస్తుంటా. టీ దగ్గర నలుగురు నిలబడి ఉంటారు. ముందున్న గుంపు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఇక్కడ మాత్రం ఇట్లా నడుస్తుంది:

“సార్, ముందు మీరు కొట్టండి.”

“అయ్యో, పోయిన హోల్ నీదే కదా, నువ్వు కొట్టు.”

“మీ ముందు నేను కొట్టుడేంది సార్!”

“సరే, అయితే అన్న కొడతడు.”

అన్న అప్పటికి గ్లౌజు కూడా తొడుక్కోలేదు. జేబులో టీ కోసం వెతుకుతుంటాడు, బంతిని నిలబెట్టే చిన్న పుల్లనూ టీ అనే అంటారు. కుడి జేబు, ఎడమ జేబు, మళ్ళీ కుడి జేబు, చివరికి బ్యాగు మోసే క్యాడీ తన చెవి మీద పెట్టుకున్న టీ తీసి ఇస్తాడు. ఈలోపు వెనక గుంపు వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. పెళ్ళి బంతిలో ముందు పెద్దోళ్ళు కూర్చోవాలంటే అర్థం ఉంది. గోల్ఫ్‌లో ఆ మర్యాద చూపించబోతే మర్యాదే తప్పిపోతుంది. మీ డైరెక్టరు గారితో నీకూ ఇదే వస్తుంది, చూస్తూ ఉండు. హానర్ నీదైతే “థ్యాంక్యూ సార్” అని కొట్టేసి పక్కకు జరుగు. ఆయన నిజంగా గోల్ఫ్ తెలిసినాయన అయితే దానికే సంతోషిస్తాడు.

మాతో ఆడే ఒక పెద్దాయన ఉన్నారు, రిటైరైన సర్జన్. మొదటి టీ మీదనే చెప్పేస్తారు: “ఎవరు రెడీగా ఉంటే వాళ్ళు కొట్టండి, నా వయసు చూడకండి, గడియారం చూడండి.” ఆ ఒక్క మాటతో అందరికీ ఊపిరి ఆడుతుంది. చిన్నోడు ఆ మాట అనలేడు రా, పెద్దోళ్ళే అనాలి. అందుకే మీ గుంపులో అది మీ డైరెక్టరు నోటి నుంచి వచ్చేటట్టు చూసుకో. “సార్, రెడీ గోల్ఫ్ ఆడుదామా?” అని ముందే అడిగితే చాలు.

రెడీ గోల్ఫ్ అంటే ఆ సర్జన్ గారు చెప్పిందే. 2019లో నియమాలు మార్చినప్పుడు, స్ట్రోక్ ప్లేలో, అంటే మొత్తం దెబ్బలు (స్ట్రోకులు) లెక్కపెట్టే ఆటలో, దీన్ని ప్రోత్సహిస్తున్నామని నియమాల్లోనే రాశారు. దూరంగా ఉన్నోడు ఇంకా లెక్కలు వేసుకుంటున్నాడు, నువ్వు సిద్ధంగా ఉన్నావు, నీ షాట్ వల్ల ఎవరికీ దెబ్బ తగలదు, ఎవరి ఏకాగ్రతా చెడదు. అప్పుడు కొట్టేయ్. ముందు గుంపు ఇంకా పూర్తిగా దాటలేదని దూరం కొట్టేవాడు ఆగాడనుకో, దగ్గర కొట్టేవాడు ముందు కొట్టొచ్చు. ఒకడు బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, ఇసుక సరి చేస్తుంటే ఇంకొకడు ఆడుకోవచ్చు. వరుస తప్పినందుకు స్ట్రోక్ ప్లేలో పెనాల్టీ లేదు. ఇద్దరు కూడబలుక్కుని, ఒకరికి లాభం కలగాలని కావాలనే వరుస మార్చి ఆడితే మాత్రం ఇద్దరికీ రెండేసి స్ట్రోకులు పడతాయి.

మ్యాచ్ ప్లే, అంటే ఎదుటివాడితో ఒక్కో హోల్‌కూ గెలుపోటములు తేల్చుకునే ఆట అయితే మాత్రం జాగ్రత్త. అక్కడ వంతు అంటే వంతే. నీ వంతు కానప్పుడు కొడితే ఎదుటివాడు ఆ షాట్‌ను అప్పటికప్పుడు రద్దు చేసి మళ్ళీ కొట్టమనొచ్చు. 2000లో స్కాట్లాండ్‌లోని లాక్ లోమండ్‌లో సోల్‌హైమ్ కప్ జరిగింది, యూరప్, అమెరికా ఆడవాళ్ళ జట్ల పోటీ. స్వీడన్ అమ్మాయి అనికా సోరెన్‌స్టామ్ గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) బయటి నుంచి చిప్, అంటే దగ్గరి నుంచి కొట్టే చిన్న షాట్, కొడితే బంతి నేరుగా గుంటలో పడింది. బర్డీ, అంటే ఆ హోల్‌కు పెట్టిన లెక్క కంటే ఒక దెబ్బ తక్కువ! అందరూ గంతులేశారు. ఎదుటి జంట కెల్లీ రాబిన్స్, ప్యాట్ హర్స్ట్ దూరాలు చూసి, వంతు అనికాది కాదు, మళ్ళీ కొట్టాలన్నారు. మళ్ళీ కొడితే పడలేదు. అంతటి ప్లేయర్ ఏడ్చేసింది. ఆ రెండో షాట్ అడగడం న్యాయమా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నా మటుకు నేను అడిగేవాణ్ణి కాదు. కానీ అడిగే హక్కు వాళ్ళకు ఉంది, అందులో అనుమానం లేదు. ఆ కప్పు మాత్రం చివరికి యూరపే గెలిచింది.

ఇక టైము. కొట్టడానికి వీలు దొరికినాక 40 సెకన్లలోపు కొట్టేయాలని నియమాల పుస్తకం సిఫారసు చేస్తుంది, మామూలుగా అంతకంటే ముందే కొట్టగలగాలి అని కూడా అంటుంది. వినడానికి ఇదేదో పెద్ద ప్లేయర్ల గొడవ అనిపిస్తుంది. జర లెక్క వెయ్. 90 దెబ్బలు కొట్టే మనిషి ఒక్కో దెబ్బకు 20 సెకన్లు ఊరికే పోగొడితే అరగంట. నలుగురూ అట్లాగే ఆడితే రెండు గంటలు! నాలుగు గంటల్లో తేలాల్సిన 18 హోళ్ళు మధ్యాహ్నం ఎండలోకి పోతాయి. నేను తెల్లారగట్ల 3 గంటలకు లేచి, జనగామ, భువనగిరి దాటి హైదరాబాద్ చేరేది ఆ ఎండ తప్పించుకుందామనే కదా.

పోనీ ఆ 20 సెకన్లు కొట్టేటప్పుడు పోతాయా అంటే అదీ కాదు. ఊపు ఊపడానికి ఎంతసేపు పడుతుంది? పక్కోడు కొడుతున్నప్పుడు ఊరికే నిలబడటం వల్లనే పోతాయి. మన పేకాటలో చూడు, తన వంతు వచ్చాక ముక్కలు సర్దడం మొదలుపెట్టేవాణ్ణి ఎంత తిట్టుకుంటాం! ఇదీ అంతే. నీ బంతి దగ్గరికి నడుస్తూనే దూరం చూసుకో, గాలి చూసుకో, ఏ క్లబ్ (కర్ర) కావాలో అనుకో. గ్లౌజు తొడుక్కునే ఉండు. నలుగురూ కలిసి ఒక బంతి దగ్గరికి, అక్కడి నుంచి ఇంకో బంతి దగ్గరికి ఊరేగింపుగా పోకండి, ఎవరి బంతి దగ్గరికి వాళ్ళు పోండి. పక్కోడు కొట్టేటప్పుడు మాత్రం కదలకు, మాట్లాడకు, ఫోన్ మోగనియ్యకు. అట్లాగని పరిగెత్తమనడం లేదు. ఉరుకులాడి, మూడు చెత్త షాట్లు కొట్టి, ఇంకా ఆలస్యం చేసేవాళ్ళు కూడా ఉన్నారు.

అన్నిటికంటే ఎక్కువ టైము మింగేది గ్రీన్. పొద్దున మంచు మీద ఒక బంతి పోయిన దారి గీత గీసినట్టు కనిపిస్తుంది, దాన్ని చూస్తే నీ బంతి ఎటు తిరుగుతుందో సగం తెలిసిపోతుంది. అయినా మనోడు ఇటు నుంచి గొంతుక్కూర్చుని చూస్తాడు, అటు పోయి చూస్తాడు, ఒక కన్ను మూసి, పట్ చేసే (బంతిని గుంటలోకి దొర్లించే) కర్ర పటర్‌ను వేలాడదీసి చూస్తాడు, తర్వాత క్యాడీని అడుగుతాడు, క్యాడీ చెప్పింది కాదని తనకు తోచినట్టు కొడతాడు. పక్కోడు చూసుకునేటప్పుడే నీదీ చూసుకో. ఎదుటివాడి బంతికీ గుంటకూ మధ్య నడవకు. బ్యాగును గ్రీన్ ముందర పడేయకు, తర్వాతి టీ ఎటు ఉందో అటు వైపు పెట్టుకో. అయిపోగానే అటు నుంచి అటే వెళ్ళిపో, స్కోరు తర్వాతి టీ దగ్గర రాసుకోవచ్చు. చాలామంది ఆ గుంట పక్కనే నిలబడి “ఆరా, ఏడా?” అని వేళ్ళు మడుస్తుంటారు, వెనకోళ్ళు ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కూ మధ్య ఉండే పచ్చిక) మీద క్లబ్బులు పట్టుకుని వీళ్ళ లెక్క తేలేదాకా చూస్తుంటారు. జెండా కర్ర కూడా 2019 నుంచి గుంటలో ఉంచే పట్ చేయొచ్చు. తీసి పెట్టి, తీసి పెట్టి అని ఆగనక్కరలేదు.

బంతి పోయిందనుకో, వెతకడానికి 3 నిమిషాలే. 2019కి ముందు 5 ఉండేది. అది పోయినట్టు అనుమానం వస్తే అక్కడి నుంచి కదలక ముందే “ప్రొవిజనల్ (తాత్కాలిక బంతి) కొడుతున్నా” అని పైకి చెప్పి ఇంకోటి కొట్టు. చెప్పకుండా కొడితే అదే నీ ఆట బంతి అయిపోతుంది. మనోళ్ళకు పోయిన బంతి మీద పుట్టెడు ప్రేమ, పొదల్లో దూరి బయటికి రారు. నువ్వు వెతుకుతుంటే వెనకోళ్ళు ఖాళీగా ఉన్నారా, చెయ్యి ఊపి ముందుకు పంపు. అందులో నామోషీ ఏమీ లేదు.

మరీ చాదస్తం అనుకుంటావేమో. 2013లో అమెరికాలో జరిగే మాస్టర్స్ అనే పెద్ద పోటీలో గ్వాన్ టియాన్‌లాంగ్ అనే 14 ఏళ్ళ చైనా పిల్లాడికి ఆలస్యం చేశాడని ఒక స్ట్రోక్ పెనాల్టీ వేశారు. 2018లో అమెరికాలో జె.బి. హోమ్స్ చివరి హోల్‌లో ఒక్క షాట్ కొట్టడానికి 4 నిమిషాల 10 సెకన్లు తీసుకుంటే ఏమీ వెయ్యలేదు! చిన్నోడికి శిక్ష, పెద్దోడికి మాఫీ, అక్కడా అంతే.

ఒకటి గుర్తు పెట్టుకో. నువ్వు చూడాల్సింది వెనక గుంపు ఎంత దూరంలో ఉందని కాదు, ముందు గుంపుకు ఎంత దగ్గరలో ఉన్నామని. వాళ్ళు కనపడకుండా పోయారంటే ఆలస్యం మీదే. అట్లాగని వాళ్ళు నీ షాట్ అందనంత దూరం పోకముందే కొట్టకు. పొరపాటున బంతి జనం వైపు పోతే “ఫోర్!” అని గొంతు చించుకుని కేక వెయ్, సిగ్గుపడకు.

ఇంతకీ మీ ఆఫీసోళ్ళు పెట్టేది స్ట్రోక్ ప్లేనా, మ్యాచ్ ప్లేనా, స్టేబుల్‌ఫోర్డా? కంపెనీ పోటీలు కాబట్టి స్టేబుల్‌ఫోర్డే అయి ఉంటుంది, కొత్తోళ్ళకు అదే మంచిది. ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే ఇంగ్లండ్ డాక్టరు పెట్టిన పద్ధతి అది, ఒక్కో హోల్‌కూ పాయింట్లు ఇస్తారు. ఆ హోల్‌లో ఇక పాయింటు రాదని తేలితే బంతి తీసి జేబులో వేసుకోవచ్చు, పదకొండో దెబ్బ దాకా లాగనక్కరలేదు. ఏది ఆడుతున్నారో కనుక్కుని వెంటనే రాయి, దాన్ని బట్టి హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే దెబ్బల రాయితీ) లెక్క ఎట్లా వేస్తారో పంపిస్తా. బతుకమ్మకు వస్తే మాత్రం ఆ క్లబ్బులు వెంట తీసుకురా, ధర్మసాగర్ దగ్గర మా బావ చేనులో చిప్పులు కొడదాం. అక్కడ వెనక ఎవరూ ఉండరు.

నీ దోస్తు