బొమ్మ పోయింది, బూతు మిగిలింది

సంపాదకుల వారికి నమస్కారం.

ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. రొమ్ములో గడ్డ చేతికి తగిలినా ఇంట్లో చెప్పుకోలేక, నొప్పి లేదు కదా అని నెలలు గడిపేసి, పుండయ్యాక ఆస్పత్రికొచ్చిన ఆడవాళ్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు. అందుకే నిరుడు అక్టోబరులో, మా కాలనీ ఆడవాళ్ల కోసం నడిపే సోషల్ మీడియా పేజీలో, అద్దం ముందు నిలబడి రొమ్మును ఎలా చూసుకోవాలో నాలుగు చేతిబొమ్మలు వేయించి పెట్టాను. చనుమొన లోపలికి లాక్కుపోవడం, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడటం బొమ్మ లేకుండా ఎలా చెప్తాం? గంట తిరక్కుండానే పోస్టు తీసేశారు. కారణం ‘నగ్నత్వం’ అట. అప్పీలు నొక్కితే నిమిషం లోపే మళ్లీ అదే జవాబు. ఆ నిమిషంలో నేను రాసిన తెలుగు పేరా చదివిన మనిషంటూ ఉన్నాడంటే నేను నమ్మను.

అదే వారం మా పేజీలోనే, టీకాల శిబిరంలో తీసిన ఒక ఆశా కార్యకర్త ఫొటో కింద ఎవడో ఇంగ్లిషు అక్షరాల్లో పచ్చి తెలుగు బూతు రాశాడు. ఏడుగురం రిపోర్టు కొట్టాం. ‘మా ప్రమాణాలకు విరుద్ధంగా లేదు’ అన్నారు. చివరికి ఆ అమ్మాయే తన ఫొటో తీయించేసుకుంది.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. 2020 అక్టోబరులో బ్రెజిల్‌లో ఒకరు ఇన్‌స్టాగ్రామ్‌లో రొమ్ము క్యాన్సర్ లక్షణాల ఫొటోలు పెడితే యంత్రమే చూసి యంత్రమే తీసేసింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా సంస్థ నిర్ణయాలను తిరగదోడే ఓవర్‌సైట్ బోర్డు 2021 జనవరిలో ఆ తొలగింపును తప్పుపట్టింది. మాట్లాడే హక్కుతో పాటు ఆరోగ్య హక్కునూ, స్త్రీలపై పడే వివక్షనూ ఎత్తిచూపింది. తీసేసింది యంత్రమైతే ఆ సంగతి చెప్పాలని, అప్పీలు మనిషి చేతికి వెళ్లాలని సిఫారసు చేసింది. నేను అడుగుతున్నదీ అంతే.

భాష సంగతి ఇంకా ముఖ్యం. దేశ రాజకీయాలపై పంజాబీలో ఒకరు పెట్టిన పోస్టును ఒకే ఒక్క ఫిర్యాదుతో తీసేసిన కేసులో అదే బోర్డు 2021 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. ఏ నిబంధనల కింద ఆ పోస్టు తీసేశారో, ఆ నిబంధనలు పంజాబీలో లేనే లేవని అప్పుడు బయటపడింది! చదువుకునే వీలే లేని చట్టంతో శిక్షించినట్టు కాదా? అదే ఏడాది ఆ సంస్థ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన ఫేస్‌బుక్ పత్రాల ప్రకారం, తప్పుడు సమాచారాన్ని గుర్తించే పనికి పెట్టిన బడ్జెట్‌లో 87 శాతం అమెరికాకే. మిగిలిన ప్రపంచమంతా, మనతో సహా, ఆ పదమూడులో సర్దుకోవాలన్నమాట.

అలాగని ఆ బోర్డే మనకు దిక్కు అనను. దాని ఖర్చు ట్రస్టు ద్వారా పెట్టేది మెటాయే. అది విచారించేది వచ్చిన అప్పీళ్లలో పిడికెడు. మిగతా కంపెనీలతో దానికి సంబంధమే లేదు.

మన దేశంలో ఐటీ నిబంధనలకు 2022లో చేసిన సవరణతో ఫిర్యాదుల అప్పీలు కమిటీలు వచ్చాయి. 2023 జనవరిలో మూడింటిని ఏర్పాటు చేశారు. కంపెనీ ఫిర్యాదుల అధికారి నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో అక్కడికి ఆన్‌లైన్‌లోనే వెళ్లొచ్చు. ఈ సంగతి మా కాలనీలో ఒక్కరికీ తెలియదు. నాకే ఆ గడువు దాటాక తెలిసింది. పైగా సభ్యులను నియమించేది కేంద్ర ప్రభుత్వమే. ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద పోస్టులు ఆపేయమని ఆదేశాలిచ్చేదీ ఆ ప్రభుత్వమే, ఆ ఆదేశాలేమో గోప్యం. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు అదే చట్టంలో, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే జైలు వేసే 66ఏను కొట్టేసి 69ఏను నిలబెట్టడానికి ఒక కారణం, ఆదేశానికి కారణాలు రాతపూర్వకంగా ఉండాలన్న రక్షణ. ఆ రాత పోస్టు పోగొట్టుకున్న మనిషి చేతికి రాకపోతే, కోర్టుకు ఏం పట్టుకుని వెళ్తాడు?

కమిటీల్లో ప్రభుత్వంతో సంబంధం లేని న్యాయ నిపుణులూ, ఆరోగ్య, మహిళా రంగాల్లో పనిచేసినవాళ్లూ ఉండాలి. తెలుగు పోస్టు మీద అప్పీలును తెలుగు తెలిసినవాళ్లే చదవాలి, ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగు అయినా సరే. తీసేసినా, ఉంచేసినా కారణం తెలుగులో రావాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే. ఈ కమిటీల ముందుకు ఇంతవరకు తెలుగు పోస్టులపై వచ్చిన అప్పీళ్లు ఎన్ని, వాటిని చదివింది ఎవరు అని పార్లమెంటులో అడగండి.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
ఒంగోలు